సమలంబ చతుర్భుజము: ఒక పేరు చరిత్ర

పాఠశాలలో క్షేత్రగణితము నభ్యసించు బాలబాలికలను సమలంబ చతుర్భుజమన నేమని యడిగినచో, ఒక జత యెదుటి భుజములు సమాంతరములుగా గల చతుర్భుజమని తడుముకొనక చెప్పుదురు. ఆ యాకృతి కా పేరేల వచ్చెనని యడిగినచో మాత్రము మిన్నకుందురు. తప్పు వారిది కాదు. నిర్వచనమును వల్లెవేయించితిమి గాని పేరును విప్పి చూపమైతిమి. పేరు విప్పినగాని వస్తువు కంటబడదు. వస్తువు కంటబడనిచో నేర్చిన సూత్రము పరీక్ష ముగిసిననాడే మఱపునకు వచ్చును. ఒక్క పేరును బట్టి యెంత చరిత్ర యున్నదో, ఆ చరిత్రలో మన పొలములకును, కూలికిని సంబంధించిన న్యాయాన్యాయము లెట్లు చేరియున్నవో చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ యాకృతి మనకు క్రొత్తది కాదు. అనంతపుర మండలమున రాయదుర్గమునకు చేరువను, హగరి యనబడు వేదవతీనదికి పొరుగునను గల కణేకల్ గ్రామమును దృష్టాంతముగా గైకొందము. 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు రాయదుర్గము తాలూకా బళ్లారి జిల్లాలోనిది. నాడు ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు అనంతపురమున జేరినది. ఇచట తెలుగు కన్నడము రెండును వినబడును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మించని యీ మెట్టసీమలో చెఱువే జీవనాధారము. తుంగభద్ర యెగువ కాలువ వచ్చిన పిమ్మట కొంత యూఱట కలిగినను, అంతకు పూర్వము కొన్ని శతాబ్దములు ప్రజలను నిలిపినది చెఱువుకట్ట. అట్టి కట్ట నెక్కడనైనను అడ్డముగా కోసినట్లు భావింపుడు. పైన బండి నడచునంతటి వెడల్పు, క్రింద నంతకు నాలుగైదు రెట్లు వెడల్పు, ఇరుప్రక్కల వాలు. పై గీతయు క్రింది గీతయు సమాంతరములు. ఇదియే సమలంబ చతుర్భుజము. నీటి యొత్తిడి యడుగున నధికము గనుక కట్టకు అడుగు వెడల్పు కావలెను. మట్టి నిలువుగోడవలె నిలువదు గనుక వాలు కావలెను. కట్ట కట్టిన యొడ్డెరవారు ఈ పేరు నెఱుగకపోవచ్చును గాని యీ యాకృతిని వా రెఱిగినంతగా నెఱిగినవారు లేరు.

ఇక పేరును విప్పుదము. లంబము అనగా వ్రేలాడునది. తాపీపనివాడు గోడ నిలువును చూచుకొనుటకు దారమునకు గుండు కట్టి వ్రేలాడవిడుచును గదా, అదియే లంబము. చతుర్భుజము యొక్క పైయంచునందలి రెండు మూలలనుండియు క్రిందికి రెండు దారములను విడిచినచో, అవి రెండును సమానమైన పొడవు కలవై నేల నంటినయెడల, ఆ చతుర్భుజము సమలంబము. సమాంతరమను మాటను వాడకయే, రెండు గీత లెంత పొడిగించినను కలియవను నూహను తేకయే, కేవలము గుండుదారముతో తేల్చిన లక్షణ మిది. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు తన లీలావతిలో నిట్టి క్షేత్రమునకు సమానలంబమనియే పేరు పెట్టి, దాని వైశాల్యమునకు విధానమును చెప్పెను. నేటి పాఠ్యగ్రంథములలోని పేరు ఆ మాటకు రూపాంతరమే. అంతకుముందు, 499లో వెలసిన ఆర్యభటీయమునందే, సమాంతరములగు రెండు భుజముల మొత్తమున సగమును లంబముతో గుణింపవలెనను విధి కలదు.

సంస్కృత గణితజ్ఞులు చతుర్భుజమునకు పెట్టిన తక్కిన పేళ్లను కూడ చూచినచో వేడుక గలుగును. పైయంచు ముఖము, క్రిందియంచు భూమి, ప్రక్కలు భుజములు, మూలనుండి యెదుటి మూలకు పోవు గీత కర్ణము. ముఖము, భుజములు, చెవులు గల యొక మనుష్యుడు నేలమీద నిలిచియున్నట్లు వారు క్షేత్రమును చూచిరి. వృత్తఖండమును చూచినపు డది వారికి విల్లయ్యెను: వంపు చాపము, దానిని బిగించు గీత జ్య, నడిమి గీత శరము. క్షేత్రమను మాటకే పొలమని యర్థము. గణితము పొలములోనే పుట్టినదనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము వలయునా? గ్రీకులును తమ శాస్త్రమునకు భూమిని కొలుచుట యను నర్థమిచ్చు పేరే పెట్టుకొనిరి.

భాస్కరునికి, ఆర్యభటునికి ఎంతో పూర్వము శుల్బసూత్రములలో నీ యాకృతి పవిత్రస్థానము నలంకరించెను. శుల్బమనగా త్రాడు. సోమయాగమునకు వలయు మహావేది తూర్పున 24, పడమట 30, నడుమ పొడవు 36 పదముల కొలతలు గల సమలంబ చతుర్భుజము. ఆపస్తంబుడు దీని వైశాల్యము 972 అని చెప్పి, అది యెట్లో కూడ చూపెను. తూర్పు మూలనుండి పడమటి యంచునకు నేరుగా త్రాడు పట్టినచో ఒక ప్రక్కన 3 పదముల యడుగు గల త్రిభుజ మేర్పడును. దానిని కోసి త్రిప్పి రెండవ ప్రక్కన నతికినచో 27 పదముల వెడల్పు, 36 పదముల పొడవు గల దీర్ఘచతురస్ర మగును. 27ను 36తో గుణింపగా 972. చీర యంచునుండి కోసిన ముక్కను మఱియొక ప్రక్కన కుట్టుట యెఱిగిన యిల్లాలికి ఈ యుపపత్తి యొక్క నిమిషములో బోధపడును.

మన తెలుగునాట నభివాదము చెప్పు బ్రాహ్మణులలో పెక్కుమంది తమది ఆపస్తంబసూత్రమని నేటికిని చెప్పుకొందురు. సూత్రకారుని పేరు నాలుకమీద నిలిచినది. ఆయన త్రాటితో కొలిచి చూపిన విద్య మాత్రము నిలువలేదు. పేరు మిగిలి పదార్థము జాఱిపోవుట కిది యొక యుదాహరణము.

శుల్బసూత్రములలోని మఱియొక పేరు మన రైతునకు మిక్కిలి దగ్గఱిది. రెండు భుజములు సమానముగా గల త్రిభుజమును ప్రౌగమనిరి. బండియొక్క నొగలు వెనుక దూరముగా నుండి ముందునకు పోవుకొలది కలిసికొని కాడిని చేరును గదా, ఆ ముందుభాగమే ప్రౌగము. అట్టివి రెండు అడుగులు కలిసి అటునిటు మొనలు దీరినచో ఉభయతఃప్రౌగము. నేటి సమచతుర్భుజ మదియే. గ్రీకు లదే యాకృతికి రాంబస్ అని పేరిడిరి. త్రాటికి కట్టి గిరగిర త్రిప్పు వస్తువునకు వారి భాషలో నా పేరు. ఒక జాతివారికి బండి, మఱియొక జాతివారికి గిరగిర తిరుగు బొంగరము వంటి వస్తువు తోచినవి. చూచిన యాకృతి యొక్కటే. చూచిన కన్నులు వేఱు.

సమలంబ చతుర్భుజమునకు పాశ్చాత్యులు వాడు ట్రెపీజియమను పేరుకూడ నింటిలోని వస్తువునుండియే వచ్చినది. గ్రీకుభాషలో ట్రెపెజా యనగా బల్ల. నాలుగు కాళ్లు గలది యని దాని వ్యుత్పత్తి. ట్రెపీజియ మనగా చిన్న బల్ల. క్రీస్తునకు పూర్వము సుమారు 300 ప్రాంతమున యూక్లిడ్ తన గ్రంథమున చతురస్రము, దీర్ఘచతురస్రము, రాంబస్, రాంబాయిడ్ అను నాలుగింటిని చెప్పి, తక్కిన చతుర్భుజములన్నియు ట్రెపీజియములే యని యొక్కమాటతో త్రోసివైచెను. క్రీ.శ. అయిదవ శతాబ్దమున యూక్లిడ్‌నకు వ్యాఖ్య వ్రాసిన ప్రోక్లస్, ఒక జత భుజములు సమాంతరములుగా నున్నదానికి ట్రెపీజియమనియు, ఏ జతయు సమాంతరముగా లేనిదానికి ట్రెపిజాయిడ్ అనియు విభజించెను. ఇంగ్లండులో 1795లో ప్రచురింపబడిన చార్లెస్ హట్టన్ గణితనిఘంటువున నీ రెండు పేళ్లును తాఱుమాఱైనవి. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండు తిరిగి ప్రోక్లస్ త్రోవకు వచ్చెను గాని అమెరికా రాలేదు. అందుచేత నేటికిని ఆంగ్లేయులు ట్రెపీజియమన్నదానిని అమెరికనులు ట్రెపిజాయిడ్ అందురు. మన విద్యార్థి ఆంగ్లేయుల వాడుకను నేర్చి అమెరికాకు పోయి చదివినచో మొదటి దినముననే చిక్కుపడును. ఆ బల్లయే మఱికొన్ని చోట్లకును పోయినది. సర్కసులో నాకసమున నూగు ట్రెపీజునకు పేరిచ్చినది. వడ్డీవ్యాపారులు నాణెములు పఱచుకొను బల్ల కావున నేటి గ్రీకుభాషలో ట్రెపెజా యనగా బ్యాంకు.

నిఘంటుకారుని యొక్క పొరపాటు రెండు ఖండములను రెండు శతాబ్దములు వేఱుచేయగలిగెను. మన సమలంబమునకు అట్టి ప్రమాదము లేదు. ఏలయన లక్షణము పేరులోనే యున్నది. బల్ల యనినచో ఎట్టి బల్ల యను సందేహము పుట్టును. సమానమగు లంబములు గలది యనినచో సందేహమునకు తావు లేదు. అట్లని మన పేళ్లన్నియు నిట్టివే యని గర్వింప బనిలేదు. సమచతురశ్రమని శుల్బకారులు చతురస్రమును పిలిచిరి. నేటి పాఠ్యగ్రంథములు సమచతుర్భుజమని రాంబస్‌ను పిలుచుచున్నవి. అశ్రి యన్నను భుజమన్నను ఒక్కటియే యనుకొను బాలున కిది గందరగోళమే. అశ్రి మూల, భుజము ప్రక్క యని విడమఱచి చెప్పినగాని యది తీఱదు.

మన ప్రాంతమునకు మిక్కిలి సన్నిహితుడగు గణితజ్ఞుడు మహావీరాచార్యుడు. ఈయన జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, గణితసారసంగ్రహమును రచించెను. క్షేత్రములకు పేళ్లు పెట్టుటలో నీయనది యొక ప్రత్యేకమగు చూపు. నడుమ లావై కొనలు సన్నగిలినదానిని యవక్షేత్ర మనెను. అది యవధాన్యపు గింజ ఆకారము. మురజము, పణవము అను వాద్యముల పేళ్లతో వేఱు క్షేత్రములను పిలిచెను. వజ్రక్షేత్రము, శంఖక్షేత్రము కలవు. దీర్ఘవృత్తమును ఆయతవృత్త మనెను. ధాన్యపుకొట్టు, దేవళములోని వాద్యము, సముద్రపుటొడ్డు, ఈ మూడింటినుండియు నాయనకు పేళ్లు దొరకినవి. చతుర్భుజములను మాత్రము భుజముల సమత్వమును బట్టి విభజించెను: సమము, ద్విద్విసమము, ద్విసమము, త్రిసమము, విషమమని. వీనిలో ద్విసమ త్రిసమములు సమలంబములే.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పండితులు పలువురు తలంతురు. జైనమతమునకు సంబంధించిన యుదాహరణములను తీసివైచి శైవమునకు తగినవానిని చేర్చెను.  మతము మాఱినను మొత్తము మాఱదు గదా. తెలుగులో కవిత్వము పుట్టిన తొలినాళ్లలోనే గణితమును పుట్టినదనుట మనకు సంతోషకరము. అయినను మల్లన గణితము పండితుల తాళపత్రములలోనే చాలకాల ముండిపోయెను. మహావీరుని మూలగ్రంథము సైతము 1912లో మద్రాసునందు ఎం. రంగాచార్యులవారి యాంగ్లానువాదముతో నచ్చుపడువఱకు లోకమునకు దూరముగనే యుండెను.

పరభాషలకు మనము ఋణపడలేదని తలచువారు కేంద్రమను మాటను చూడవలెను. వృత్తపు నడిమి బిందువునకు నేడు మనము వాడు నీ మాట గ్రీకు కెంట్రాన్ నుండి జ్యోతిషశాస్త్రము ద్వారమున సంస్కృతమునకు వచ్చినది. గ్రీకులో దాని మొదటి యర్థము ఎద్దులను తోలు ముల్లుగఱ్ఱ. కొన గుచ్చిన చోటు కేంద్రము. గ్రీకు రైతు ముల్లుగఱ్ఱ మన పాఠశాలలోని నల్లబల్లమీదికి వచ్చినది; దానివలన మన శాస్త్రమునకు లోపము కలుగలేదు. విద్యకు మడికట్టుట తగదు.

ఇంతవఱకు చెప్పినది పేళ్ల కథ. ఈ పేళ్ల వెనుక నున్న కొలత ఎవనికి తెలియును, ఎవనికి తెలియదు అనునది అసలు ప్రశ్న. నాలుగు భుజముల పొలమునకు ఎదురెదురు భుజములను కూడి సగముచేసి, ఆ రెండు సగములను గుణించు పద్ధతి పూర్వము పెక్కు దేశములలో నుండెను. ఐగుప్తదేశమున ఎడ్ఫూ దేవాలయపు భూదానశాసనములలో నిది కానవచ్చును. మన బ్రహ్మగుప్తుడు 628లో నీ విధిని చెప్పుచునే యిది స్థూలమని హెచ్చరించి సూక్ష్మమును వేఱుగా నిచ్చెను. స్థూలమనగా నెంత స్థూలమో లెక్కవేసి చూతము. ఒక పొలమునకు సమాంతరములగు గట్లు 60 గజములు, 40 గజములు. ప్రక్కగట్లు ఒక్కొక్కటి 26 గజములు. స్థూలవిధిచే 50ని 26తో గుణింపగా 1300 చదరపు గజములు. గుండుదారపు లెక్కచే లంబము 24 గజములు; 50ని 24తో గుణింపగా 1200. స్థూలవిధిచే శిస్తు కట్టినచో రైతు లేని 100 గజములకు పన్ను చెల్లించును. అనగా పండ్రెండింట నొకవంతు అధికము. గమనింపవలసిన దేమనగా, పొలము దీర్ఘచతురస్రమైననే తప్ప యీ పద్ధతి యెప్పుడును ఎక్కువనే చూపును, తక్కువను చూపదు. పొరపాటు నిరంతర మొకే ప్రక్కకు మొగ్గినప్పుడు దానివలన లాభపడువా డొకడుండును. లంబమునో కర్ణమునో చెప్పక భుజములు మాత్రమే చెప్పి వైశాల్య మడుగువానిని భాస్కరాచార్యుడు పిశాచముతో పోల్చి వెక్కిరించె ననినచో, ఆ వెక్కిరింతకు కారణము లేకపోలేదు.

రైతునకు ఎక్కువ చూపు లెక్క యుండగా, త్రవ్వువానికి తక్కువ చూపు లెక్కయు కలదు. పైన 10 గజముల చదరము, అడుగున 6 గజముల చదరము, 30 గజముల లోతు గల బావిని త్రవ్విరనుకొందము. దీనిని నిలువుగా కోసినచో కనబడునది మరల సమలంబ చతుర్భుజమే. పై కొలతకు క్రింది కొలతకు సగటు 8 గజములు గనుక 64ను 30తో గుణించి 1920 ఘనగజములని యొక లెక్క. దీనిని బ్రహ్మగుప్తుడు వ్యావహారిక మనెను. పై వైశాల్యము 100, క్రింది వైశాల్యము 36, వీని సగటు 68ని 30తో గుణించి 2040 అని రెండవ లెక్క, ఇది ఔత్రము. రెండింటి భేదము 120లో మూడవవంతగు 40ని మొదటిదానికి కలిపినచో 1960. ఇది సూక్ష్మము, ఇదియే నిజము. వ్యావహారికముచే కూలి యిచ్చినచో 40 ఘనగజముల మట్టిని పనివాడు ఊరక మోసినట్లగును. పదుమూడు శతాబ్దములకు పూర్వమే న్యాయమైన కొలత మన దేశమున వ్రాయబడియుండెను. అది పలుగు పట్టినవాని చెవిని మాత్రము పడలేదు.

అనంతపురసీమలో నిది వట్టి యూహ కాదు. ధాతసంవత్సరపు కఱవని పెద్దలు చెప్పుకొను 1876–78 నాటి మహాక్షామమున ప్రభుత్వపు కఱవుపనులలో జనులు మట్టి మోసిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఏర్పఱచిన కూలి పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక యణా మాత్రమే. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైనది ఈ జిల్లాలోని బండ్లపల్లి గ్రామముననే. అప్పటినుండి పలుచోట్ల స్త్రీపురుషుల కూలి త్రవ్విన గుంతల కొలతను బట్టి నిర్ణయింపబడెను. కొలత వ్రాయువానికి ముఖము, భూమి, లంబము తెలియును. గంప మోయుదానికి తెలియవు. ఆమె కది తెలిసిననాడు కొలతపుస్తకములోని సంఖ్యను ప్రశ్నింపగలదు. తెలియనినాడు ఇచ్చినది పుచ్చుకొని పోవును.

స్త్రీలకు క్షేత్రగణిత మెక్కదని పలుకువారు వాకిటి ముగ్గును చూడవలెను. చుక్కలను సమదూరములందు పెట్టుట, వరుసవరుసకు చుక్కలు తగ్గించుచు పోయి మధ్యలో నాపుట, ఆ ఆపినచోట నేర్పడినది సమలంబ చతుర్భుజమగుట, ఇవి యామె కరస్థములు. ఒక వరుసలో 9 చుక్కలు, తరువాత 8, 7, 6, 5 అని యైదు వరుసలు పెట్టినచో మొత్తమెంతయని యడుగుడు. మొదటిదానిని కడపటిదానిని కూడి సగముచేయగా 7, వరుసలు 5, మొత్తము 35. ఆర్యభటుని విధియు నిట్లే మొదటిదానిని కడపటిదానిని కూడి సగము చేసినది. చేట, ముగ్గు, బండినొగలు, చెఱువుకట్ట, వీనిలో నేదియు శాస్త్రమునకు తక్కువది కాదు. శుల్బకారుడు బండినుండియు, మహావీరుడు గింజనుండియు, గ్రీకు బల్లనుండియు పేళ్లు గైకొనిరి గాని వానిని నీచములని తలపలేదు. నీచమను భావము తరువాత, విద్య కొందఱి సొత్తయిన పిమ్మట, కలిగినది.

కావున మనము చేయవలసిన పని పెద్దది కాదు. పాఠశాలలో నాకృతిని చెప్పునప్పుడు పేరును విప్పి చెప్పవలెను. లంబమనగా వ్రేలాడు దారమని, భుజమనగా చేయి యని, అశ్రి యనగా మూల యని, క్షేత్రమనగా పొలమని చెప్పి, బాలబాలికలను ఊరి చెఱువుకట్టకు తోడ్కొనిపోయి ముఖమును, భూమిని, లంబమును వారిచేతనే కొలిపింపవలెను. ఇంటివద్ద తల్లులకును ఆ కొలతను వినిపింపవలెను. గుండుదారమునకు పెద్ద ఖర్చు పట్టదు. కఱవుసీమలో నీరును మట్టియు కొలతతో పంచుకొనవలసిన సొమ్ములు. వాని కొలత యందఱ కందినగాని పంపకము న్యాయమైనది కాజాలదు.